కెప్టెన్ గోపీనాథ్: విమానానికి ముందున్న పొలం

‘జై జవాన్, జై కిసాన్’ అన్నది 1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు ఇచ్చిన నినాదం. చిన్నప్పటి నుంచి బడి గోడల మీద, లారీల వెనక చదువుతూనే ఉన్నాం. ఆ నినాదంలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకడు సరిహద్దులో తుపాకి పట్టుకున్నవాడు, ఇంకొకడు పొలంలో నాగలి పట్టుకున్నవాడు. ఆ ఇద్దరూ ఒకరే అయితే ఆ బతుకు ఎలా ఉంటుంది? జీవితచరిత్రల అధ్యయనంలో భాగంగా ఈసారి అలాంటి ఒక మనిషిని తీసుకుందాం. ఆయన మన పక్కవాడే. పేరు మీ అందరికీ తెలుసు, కానీ బహుశా వేరే కారణానికి.

కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఎయిర్ డెక్కన్, ఒక్క రూపాయి టికెట్టు. ఇంకా దగ్గరగా చెప్పాలంటే సూర్య సినిమా. 2020 నవంబరులో ఓటీటీలో వచ్చిన ‘సూరరై పోట్రు’ని మనవాళ్లు ‘ఆకాశం నీ హద్దురా’గా తెలుగులో చూశారు. తీసింది తెలుగు కుటుంబానికి చెందిన సుధ కొంగర గారు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో కలిపి అయిదు దానికి వచ్చాయి. గోపీనాథ్ గారి ఆత్మకథ ‘సింప్లీ ఫ్లై’ ఆధారంగా అల్లిన కథ అది. సినిమా బాగుంది, అందులో గొడవ లేదు. అయితే పుస్తకం తెలిసినవాళ్లకు ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. సినిమా నాయకుడు వైమానిక దళం నుంచి బయటికొచ్చి నేరుగా విమానాల కంపెనీ కోసం తిరగడం మొదలుపెడతాడు. అసలు మనిషి పనిచేసింది వైమానిక దళంలో కాదు, సైన్యంలో. సైన్యానికీ విమానానికీ మధ్య ఆయన బతుకులో పదిహేనేళ్లకు పైగా పొలం ఉంది, పశువులున్నాయి, పట్టుపురుగులున్నాయి, అప్పులున్నాయి. సినిమాలో అవి ఒక్క సీను కూడా కాలేదు. ఈ వ్యాసం ఆ ఖాళీ గురించే.

ముందు మనిషి పుట్టుపూర్వోత్తరాలు గబగబా చెప్పుకుందాం. 1951 నవంబరు 13న మేలుకోటెలో పుట్టారు, పెరిగింది హాసన్ జిల్లా గొరూరులో. హేమావతి నది ఒడ్డున ఉన్న ఊరది. కన్నడ రచయిత గొరూరు రామస్వామి అయ్యంగార్ గారిదీ ఆ ఊరే. పల్లె మనుషుల్ని నవ్వుతూ నవ్విస్తూ రాసిన పెద్దాయన ఆయన. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఇద్దర్నీ కలిపేయకండి. గోపీనాథ్ గారి నాన్నగారు బడిపంతులు. కొడుకుని చాలాకాలం బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, అయిదో తరగతిలో చేర్పించారు. తర్వాత సైనిక్ స్కూలు. ఇంగ్లీషులో పెట్టిన ప్రవేశ పరీక్ష మొదటిసారి పోయింది, కన్నడలో రాసే అవకాశం వచ్చాక నెగ్గారు. మాతృభాష గురించి సెమినార్లలో మనం చెప్పే మాటలన్నిటి కన్నా ఈ ఒక్క సంగతి బలమైనదని నాకనిపిస్తుంది. బీజాపూర్ సైనిక్ స్కూలు, ఆ తర్వాత ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ, దెహ్రాదూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ. 1971 యుద్ధ కాలానికి ఆయన వయసు ఇరవై. ఎనిమిదేళ్లు పనిచేసి, కెప్టెన్ హోదాలో ఉండగా, ఇరవై ఎనిమిదేళ్ల వయసు దగ్గర రాజీనామా చేసి ఇంటికొచ్చేశారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. సైన్యంలో అధికారికి పెన్షన్ రావాలంటే మామూలుగా ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి, జవానుకైతే పదిహేనేళ్లు. ఎనిమిదేళ్లకే వచ్చేసినవాడి చేతిలో ఉండేది గ్రాట్యుటీ కింద వచ్చిన కాస్త డబ్బే. నెలనెలా వచ్చే రాబడి లేదు. ‘రిటైర్డ్ కెప్టెన్’ అనే మాట వినగానే మనకు మీసాలు తెల్లబడిన, పెన్షన్ తీసుకునే తాతగారు కళ్లముందుకొస్తారు. ఇది ఆ కథ కాదు. ఇంకా పెళ్లి కూడా కాని కుర్రాడు, ఏం చేయాలో తేలని వయసులో, ఊరి దారి పట్టాడు.

ఊరు అన్నానే గానీ, ఆ ఊరి పొలం అప్పటికే నీళ్లపాలయ్యే లెక్కలో ఉంది. గొరూరు దగ్గర హేమావతికి అడ్డంగా ఆనకట్ట కట్టారు, 1979లో పూర్తయింది. మనలో చాలామంది హాసన్ వైపు టూరుకి వెళ్లినప్పుడు శెట్టిహళ్లి చర్చి చూసే ఉంటారు. వానాకాలంలో సగం మునిగి, ఎండాకాలంలో మళ్లీ తేలే పాత చర్చి. ఫొటోలకు బాగుంటుంది. ఆ చర్చిని ముంచిన నీళ్లు ఈ జలాశయానివే. చర్చి పైకి కనిపిస్తుంది కాబట్టి దానికి ఫొటో దక్కింది. కింద ఉన్న పొలాలకు ఫొటో లేదు. మనవైపు శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ల మనవలు మనవరాళ్లు ఇవాళ బెంగళూరులో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ‘ముంపు’ అనే చిన్న మాటకు ఎంత బరువుందో వాళ్ల ఇళ్లలో అడిగితే తెలుస్తుంది.

గోపీనాథ్ గారి కుటుంబానికి మునిగిన భూమికి బదులుగా ప్రభుత్వం జవగల్ దగ్గర భూమి ఇచ్చింది. జవగల్ అంటే మనకు క్రికెటర్ శ్రీనాథ్ పేరు ముందున్న మాట. అది అరసీకెరె తాలూకాలోని ఊరు, బెంగళూరుకి సుమారు 200 కిలోమీటర్లు. నది ఒడ్డున తడి నేల పోయి, దాని బదులు మెట్ట నేల వచ్చింది. వాన పడితే పంట, లేకపోతే లేదు. చాలా కుటుంబాల్లో ఇలాంటప్పుడు జరిగేది మనకు తెలుసు: పట్టా కాగితం పెట్టెలో పెట్టుకుని, భూమిని వచ్చిన ధరకు అమ్మేసి, టౌనులో అద్దె ఇల్లు చూసుకుంటారు. ఈయన వెళ్లి ఆ బీడు భూమి చూసి, అక్కడే ఉండి సాగు చేస్తానన్నారు. గుడారం వేసుకుని అందులో ఉన్నారు. సైన్యంలో నేర్చుకున్న విద్యల్లో ఇక్కడ మొదట పనికొచ్చింది అదే అనుకోవచ్చు, గుడారంలో బతకడం.

మధ్యలో ఒక చిన్న పక్కదారి. మన శాఖవాళ్లకు ఇది నచ్చుతుంది. ఆ అరసీకెరె, చిక్కమగళూరు, చిత్రదుర్గ ప్రాంతమంతా ఒకప్పుడు సైన్యపు పశువుల మేత భూమి. మైసూరు రాజుల కాలంలో పశువుల కోసం ‘బెణ్ణె చావడి’ అనే శాఖ ఉండేది. బెణ్ణె అంటే మన వెన్న, చావడి అంటే మన చావడే. టిప్పు సుల్తాన్ దానికి ‘అమృత మహల్’ అని పేరు మార్చాడంటారు. ఆ పేరే ఎద్దుల జాతికి నిలిచిపోయింది. ఫిరంగులు, సామాన్లు లాగే ఎద్దులవి, వేగానికీ ఓర్పుకీ పేరు. 1799 తర్వాత ఆ మందలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. వాటిని మేపే బీళ్లను కన్నడంలో ‘కావల్’ అంటారు. మన ‘కావలి’కి అది చుట్టమే. మనకు ఒంగోలు గిత్త ఎలాగో, ఆ వైపు వాళ్లకు అమృత మహల్ అలాగ. అంటే సిపాయి, పశువు, బీడు భూమి అనే మూడు మాటలు ఆ నేల మీద కలవడం ఇది మొదటిసారి కాదు.

మళ్లీ పొలానికి వద్దాం. ఆత్మకథలో నాకు అన్నిటికన్నా విలువగా తోచిన భాగం ఇదే. ఎందుకంటే ఇక్కడ విజయం లేదు. కొబ్బరి పెట్టారు. అరసీకెరె, తిప్టూరు వైపు కొబ్బరి పేరున్న పంటే, తిప్టూరు ఎండు కొబ్బరి మార్కెట్ దేశమంతా తెలిసినదే. కానీ కొబ్బరి మొక్క పెట్టిన రోజు నుంచి కాపుకి రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారేళ్లు ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. అందుకని పాడి, కోళ్లు, రకరకాల పంటలు. ఒకటి పెట్టడం, పోవడం. మరొకటి పెట్టడం, అప్పు మిగలడం. ఇలా సాగాయి ఆ మొదటి ఏళ్లు. బయటి ఎరువులు, పురుగు మందులు కొని చేసే సేద్యంలో వచ్చింది వచ్చినట్టు కొట్టువాడికే పోతుందని ఆయన నెమ్మదిగా తెలుసుకున్నారు. ఆ రోజుల్లో చదివిన జపాన్ రైతు మసనోబు ఫుకువోకా పుస్తకం ఆయన మీద బాగా పనిచేసింది. మనకు ‘గడ్డిపరకతో విప్లవం’గా తెలుగులో దొరికే పుస్తకమే అది. ఫుకువోకా చెప్పింది ఒక్క ముక్కలో: దున్నకు, రసాయన ఎరువు వేయకు, కలుపు మీద యుద్ధం చేయకు, మందు కొట్టకు. చదవడానికి తేలిక. అప్పున్న రైతు అది చేయడం మాత్రం తేలిక కాదు, ఎందుకంటే నేల కోలుకునేదాకా బ్యాంకువాడు ఆగడు.

ఆయనకు నిలదొక్కుకునే చోటు దొరికింది పట్టుపురుగుల్లో. దీని పని తీరు కాస్త వివరంగా చెప్పుకోవాలి, పట్టుచీర కట్టుకునే మనకు ఆ మాత్రం తెలిసుండాలి. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయిలైతే నాకన్నా బాగా చెప్పగలరు. గుడ్డు పొదిగిన పురుగు గూడు కట్టేదాకా 25 నుంచి 28 రోజులు. ఈలోగా నాలుగుసార్లు చర్మం మారుస్తుంది. అలా మార్చేటప్పుడు మేత మానేసి కదలకుండా ఉంటుంది. రైతులు దాన్ని ‘జ్వరం’ అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. ఇంగ్లీషు శాస్త్రపు మాటకన్నా ఈ మాటలో పురుగు మీద ప్రేమ ఎక్కువ కనిపిస్తుంది. మొదటి రెండు దశల పెంపకం చాకీ. చంటిపిల్లల్ని సాకినట్టు లేత ఆకు సన్నగా తరిగి వేయాలి. చివరి దశలో మాత్రం రాక్షస ఆకలి, మొత్తం తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఆ వారం రోజుల్లోనే తింటుంది. షెడ్డులో నిలబడితే వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తర్వాత పురుగుల్ని చంద్రికల మీదకు వదిలితే రెండు మూడు రోజుల్లో గూడు అల్లుతాయి. ఆ గూళ్లు హిందూపురం మార్కెట్‌కో, ఇటు రామనగర మార్కెట్‌కో.

ఇక్కడ ఒక ముడి ఉంది. పురుగు మందు తగిలిన ఆకు తింటే పట్టుపురుగు చచ్చిపోతుంది. పంటను కాపాడే మందు ఇక్కడ పంటనే చంపుతుంది. కాబట్టి మందు లేని సేద్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, పురుగే ఇస్తుంది. పురుగు పెంట, తినగా మిగిలిన ఆకు పశువులకో పెంటకుప్పకో పోతాయి, పశువుల పేడ మళ్లీ మల్బరీ తోటకు వస్తుంది. ఫుకువోకా పుస్తకంలో ఉన్న మాట షెడ్డులో పనిగా మారేది ఇలాగే. ఇదంతా సుఖంగా సాగే కాలం కూడా కాదు. 1980లో ఊజీ ఈగ కర్ణాటకలోకి దిగింది. పురుగు మీద గుడ్డు పెట్టి లోపలి నుంచి తినేసే ఈగ. ఆ ఏళ్లలో చాలా షెడ్లను అది ఖాళీ చేసింది. అలాంటి రోజుల్లో తక్కువ ఖర్చుతో, నేలను చెడగొట్టకుండా పట్టు పెంచే పద్ధతులకు గాను గోపీనాథ్ గారికి 1996లో రోలెక్స్ అవార్డు వచ్చింది. స్విట్జర్లాండ్ గడియారాల కంపెనీ ఇచ్చే అవార్డు అది. అంటే ప్రపంచం ఆయన్ని మొదట గుర్తించింది విమానాలకు కాదు, మల్బరీ తోటకు. సినిమాలో ఆ తోట ఉంటే ఎంత బాగుండేది!

తర్వాతి కథ మీకు తెలిసిందే, అందుకే క్లుప్తంగా. పొలంతో పాటు హాసన్‌లో ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్ల డీలర్‌షిప్, టిఫిన్ హోటలు. 1997లో సైన్యంలోని పాత స్నేహితుడు కెప్టెన్ కె.జె. శామ్యూల్ గారితో కలిసి హెలికాప్టర్ల కంపెనీ. 2003 ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్లీకి ఎయిర్ డెక్కన్ తొలి విమానం. తర్వాతి నెల హైదరాబాద్–విజయవాడ ప్రారంభ విమానం ఇంజన్‌లో మంటలొచ్చాయి. వెంకయ్యనాయుడు గారితో సహా పెద్దలంతా అందులోనే ఉన్నారు, అదృష్టం కొద్దీ అందరూ క్షేమం. ఆ దెబ్బకి మూతపడాల్సిన కంపెనీ నిలబడింది. విమానాల మీద గుర్తుగా ఆర్.కె. లక్ష్మణ్ గారి ‘కామన్ మ్యాన్’ బొమ్మ. చివరికి నష్టాలు పెరిగి, 2007–08లో కంపెనీ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. గెలిచాడా ఓడాడా అని అడిగితే నేను చెప్పలేను. కొబ్బరి తోటలో ఆ లెక్క అయిదారేళ్లకోసారి వేసుకుంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇలాంటి కథ చదివాక మనకు అలవాటైన మాట, ‘ఆయన చేయగలిగితే ఎవరైనా చేయగలరు’. ఆ మాట నేను ఒప్పుకోను. ఆయనది కష్టమే, కాదనను. కానీ బీడైనా సరే, చేతిలో భూమి ఉంది. అధికారిగా పనిచేసిన మనిషికి ఇంగ్లీషు వచ్చు, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడగలడు. అకాడమీ స్నేహితులు దేశమంతా ఉన్నారు. పంతులు గారి అబ్బాయి, అయ్యంగార్ల ఇల్లు. సినిమా తీసినప్పుడు నాయకుడి కులం మార్చేశారని అప్పట్లో చర్చ కూడా నడిచింది. ఆ మార్పు మంచిదా కాదా అన్నది పక్కన పెడితే, మార్చడం వల్ల ఒకటి కనపడకుండా పోయింది: అదే పని ఇంకొకరు చేస్తే ఎన్ని తలుపులు మూసి ఉండేవో.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఊరుంది. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్నందుకు ‘మిలిటరీ మాధవరం’ అని పేరే పడిపోయింది. అక్కడి నుంచి, రాయలసీమ పల్లెల నుంచి వెళ్లేది ఎక్కువగా జవాన్లు. ముప్పై అయిదు, నలభై ఏళ్లకు ఇంటికొస్తారు. పెన్షన్ ఉంటుంది, కొందరికి మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వమిచ్చిన ఎకరమో రెండెకరాలో ఉంటాయి. బోరు వేస్తారు, ఎండుతుంది, ఇంకో బోరు వేస్తారు. ఆ తర్వాత బెంగళూరులో ఏదో బ్యాంకు ముందు, ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర యూనిఫారం తొడుక్కుంటారు. మన హాస్టళ్ల గేట్ల దగ్గర కూర్చునేవాళ్లలోనూ అలాంటివాళ్లు ఉంటారు. ఆత్మకథ రాయమని వాళ్లను ఎవరూ అడగరు.

ఇది పాత ముచ్చట కూడా కాదు. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి పాతికమందికే కొనసాగింపు. మిగిలినవాళ్లు పాతికేళ్లు అటూఇటూగా, పెన్షన్ లేకుండా, పదకొండు లక్షల పైచిలుకు సేవానిధితో ఇంటికి వస్తారు. అంటే ఇరవై ఎనిమిదేళ్ల గోపీనాథ్ నిలబడ్డ చోట మన తమ్ముళ్లు, అన్నలు నిలబడబోతున్నారు. మునిగిన భూమికి బదులు భూమి వాళ్లకు ఉండదు, అకాడమీ స్నేహితులూ ఉండరు. అందుకే జవగల్ పొలం కథను స్ఫూర్తి కథలా కాకుండా లెక్కల పుస్తకంలా చదవాలంటాను. ఎన్నేళ్లు పట్టింది? ఆ ఏళ్లలో ఎవరు తిండి పెట్టారు? ఎవరు అప్పిచ్చారు? ఏ పంట మొదట డబ్బు కళ్లచూపింది?

ఎవరు తిండి పెట్టారు అన్నచోట ఇంకో పేరు చెప్పాలి. ఆయన భార్య భార్గవి గారు. సినిమా విడుదలయ్యాక గోపీనాథ్ గారే అందరికీ తెలిసేలా రాశారు, కథలో కల్పన చాలా ఉన్నా భార్గవి పాత్రను చాలా చక్కగా, తన బుద్ధి తనకున్న ధైర్యస్తురాలిగా మలిచారని. అపర్ణ బాలమురళి గారికి ఆ పాత్రకే జాతీయ అవార్డు వచ్చింది. సినిమాలో ఆమె బేకరీ నడుపుతుంది, భర్త కష్టంలో ఉంటే ఇల్లు నడుపుతుంది. మంచిదే. కానీ ఆత్మకథ అన్నాక అందులో మాట్లాడేది ఒక ‘నేను’. కందుకూరి వారి ‘స్వీయ చరిత్రము’ చదివినా ఇదే, రాజ్యలక్ష్మమ్మ గారు వంటింట్లోంచి ఏం చూశారో మనం ఊహించుకోవాల్సిందే. పట్టుపురుగుల సేద్యంలో ఇది ఇంకా స్పష్టం. ఆకు కోయడం, తరగడం, రాత్రిళ్లు లేచి మేత వేయడం, తట్టలు శుభ్రం చేయడం, ఇందులో ఎక్కువ పని ఆడవాళ్లదే. మార్కెట్‌కి గూళ్లు తీసుకెళ్లి చీటీ తెచ్చుకునేది మాత్రం మగవాడు, చీటీ మీద ఉండేదీ ఆయన పేరే.

గోడపత్రిక వచ్చే సంచికకు మనం చేయగలిగిన పని ఒకటుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ ఊళ్లోనో మీ వీధిలోనో సైన్యం నుంచి వచ్చి సేద్యం చేస్తున్నవారు, చేసి మానేసినవారు ఎవరున్నారో కనుక్కోండి. మామయ్యో, పెదనాన్నో, పక్కింటి తాతగారో. యుద్ధం గురించి తర్వాత అడగవచ్చు. ముందు ఇవి అడగండి: ఏ సంవత్సరం తిరిగొచ్చారు, అప్పటికి భూమి ఎంత, నీళ్లెక్కడివి, మొదటి పంట ఏమైంది, మొదటి ఆవును ఎంతకు కొన్నారు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి అవే ప్రశ్నలు అత్తయ్యనో పెద్దమ్మనో విడిగా అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన రాసి తీసుకురండి, ఏవి కలవలేదో వాటి కింద గీత గీసి.